లైసెన్స్ అడిగితే కెమెరా చూపిస్తారు

డే కేర్‌కి వెళ్లి "లైసెన్స్ ఉందాండీ?" అని అడిగి చూడండి. "ప్రతి గదిలో సీసీ కెమెరా ఉందండీ" అని జవాబొస్తుంది. మీరడిగింది వాళ్లకి వినిపించలేదనుకునేరు. బాగానే వినిపించింది. అక్కడ ఏ ప్రశ్నకైనా జవాబు కెమెరాయే. ఒక్కో ఆయా ఎంతమంది పిల్లల్ని చూస్తుంది? హెచ్‌డీ కెమెరాలండీ. మంటలొస్తే పిల్లల్ని ఏ దారిన బయటికి తెస్తారు? యాప్‌లో లైవ్ వస్తుందండీ. గొంతులో ఏదైనా అడ్డుపడితే ఏం చేయాలో ఇక్కడెవరికైనా వచ్చా? రికార్డింగ్ నెల రోజులుంటుందండీ. అంటే జరగాల్సింది జరిగిపోయాక మనం తీరిగ్గా కూర్చుని చూసుకోవచ్చన్నమాట. ఎంత ముందుచూపు!

అయినా మొండికేసి లైసెన్సే చూపించమన్నారనుకోండి. మేడమ్ ముఖంలో నవ్వు సగానికి తగ్గుతుంది. "ఇంతవరకూ ఎవరూ అడగలేదండీ" అంటారు, అదేదో సంస్థ సాధించిన ఘనత అయినట్టు. కాగితం బీరువాలో ఉంటుంది. తాళం సార్ దగ్గర ఉంటుంది. సార్ ఊళ్లో ఉండరు. (ఏ డే కేర్ సారూ ఊళ్లో ఉండరు. అదీ ఒక అర్హతేమో.) మీరు అక్కడే కూర్చుంటే మాత్రం తాళం లేకుండానే బీరువా తెరుచుకుని, లామినేషన్ చేసిన కాగితం ఒకటి బయటికొస్తుంది. దాని మీద అడ్రసు వేరే బ్రాంచిది. "రెండూ మావేనండీ." గడువు ఎప్పుడో అయిపోయింది. "రెన్యూవల్‌కి పెట్టామండీ." ఇరవై మంది పిల్లలకే అనుమతి అని రాసుంది. గుమ్మం దగ్గర చూస్తే చిన్న చిన్న బూట్లు నలభై జతలున్నాయి. దీనికి వచ్చే జవాబు ఇంకా బాగుంటుంది: "అందరూ ఒకే టైముకి రారండీ." కానీ బూట్లన్నీ ఒకే టైముకి వచ్చాయి.

ఈలోగా మన చేతిలో బ్రోషర్ పెడతారు. పదకొండు నెలల బిడ్డకి లీడర్‌షిప్ స్కిల్స్ నేర్పుతారట. తన కాళ్ల మీద తాను నిలబడటం ఇంకా రాని నాయకుడు! 'స్మార్ట్ క్లాస్' అంటే ఏమిటా అని తొంగి చూస్తే, గోడంత టీవీ, దాని ముందు నోరు తెరుచుకుని కూర్చున్న పసివాళ్లు. ఏడాది లోపు పిల్లలకి స్క్రీన్ అసలు వద్దనీ, ఏడాది పిల్లలకీ మంచిది కాదనీ, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట దాటొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. పాపం, ఆ సంస్థకి లీడర్‌షిప్ గురించి తెలియదు.

ఇంతకీ లైసెన్స్ అనేది పెద్ద కిరీటమేమీ కాదు. సంబంధిత అధికారి వచ్చి గదులు, తలుపులు, మరుగుదొడ్లు చూసి, పనివాళ్ల వివరాలు ఆరా తీసి, ఇంతమంది పిల్లల్ని పెట్టుకోవచ్చని రాసిచ్చే కాగితం. కనీసపు గీత. కొన్నిచోట్ల తనిఖీ నివేదికలు, వచ్చిన ఫిర్యాదులు కూడా ఎవరైనా అడిగి చూడొచ్చు. ఇంకొన్నిచోట్ల ఆన్‌లైన్‌లోనే పెడతారు. తల్లిదండ్రులు అవి వదిలేసి గోడ మీది ఏనుగు బొమ్మ ముందు సెల్ఫీ దిగుతారు.

ఆ కాగితం మీది పిల్లల సంఖ్య దగ్గరే నాకు నవ్వు రాదు. ఏడాది నిండని పిల్లలు ముగ్గురికి ఒక మనిషి ఉండాలని అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ, మరికొన్ని సంస్థలు కలిసి తెచ్చిన ప్రమాణాలు చెబుతున్నాయి. లెక్క చాలా సులువు. నడవలేని పిల్లల్ని మంటల్లోంచి మోసుకుని పరిగెత్తాలి. మనిషికి ఉన్నవి రెండే చేతులు, ముగ్గురే ఎక్కువ. పది మంది పసికందుల మీద ఒక్క ఆయాని పెట్టి, పైన కెమెరా బిగించి, దాన్ని భద్రత అని అమ్ముతున్నారంటే అది మోసం. ఇంకో మాట లేదు. నిద్రపోయే బిడ్డని వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండూ దుప్పటీ బొమ్మలూ లేకుండా పడుకోబెట్టాలి. అమెరికాలో 1994లో దీని మీద ప్రచారం మొదలుపెట్టాక నిద్రలో ఉన్నట్టుండి చనిపోయే పసిపిల్లల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. ఈ సంగతి ఆ గదిలో ఉన్న మనిషికి ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే, బోర్లా పడుకోబెట్టిన బిడ్డని వాళ్ల కెమెరా చక్కగా హెచ్‌డీలో తీస్తుంది. వెల్లకిలా తిప్పదు.

ఆ ఆయా పేరు బ్రోషర్‌లో ఎక్కడా ఉండదు. డైరెక్టర్ గారి పేరు బంగారు రంగు అక్షరాల్లో, డిగ్రీలతో సహా ఉంటుంది. మన బిడ్డ రోజంతా ఉండేది డైరెక్టర్ గారి డిగ్రీల ఒళ్లో కాదు. అరకొర జీతానికి విసిగి ఆ ఆయా మూడు నెలల్లో మానేస్తే, ఆమెకి అలవాటు పడ్డ పిల్ల కొత్త మనిషిని చూసి గుక్కపట్టి ఏడుస్తుంటే, అది కూడా లైవ్‌లో చూసుకోమంటారు. ఆయాలు ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారు, ఒకరు సెలవు పెడితే ఆ రోజు ఎవరు చూస్తారు అని అడగండి. ఏనుగు బొమ్మ గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.

చేర్పించాక ఒకరోజు చెప్పకుండా వెళ్లండి. గేటు దగ్గరే ఆపేసి "పిల్లలు డిస్టర్బ్ అవుతారండీ, యాప్‌లో చూసుకోండి" అంటే, బిడ్డని ఎత్తుకుని అడ్మిషన్ ఫీజు వెనక్కివ్వమనండి. ఫీజు వెనక్కివ్వబడదు అని మీరు సంతకం పెట్టిన కాగితం రెండు నిమిషాల్లో బయటికొస్తుంది. దానికి బీరువా తాళం అక్కర్లేదు, సార్ కూడా ఊళ్లోనే ఉంటారు.