ముసుగు వెనక ఎవరున్నారు?

తమగోచ్చి అనే పెంపుడు జంతువు బొమ్మలో మాస్కుచ్చి అనే ముసుగు పిల్ల వచ్చిందంటే చాలామంది నిట్టూర్చేవాళ్లు. రోజుల తరబడి వేళకు తిండి పెట్టి, పెంట ఎత్తి, నిద్రపోగానే దీపం ఆర్పి కంటికి రెప్పలా సాకితే, తీరా పెద్దయ్యాక ముఖం కూడా చూపించని పిల్ల తయారైందే అని. అందరూ కోరుకునేది చదువరి లాంటి మమెచ్చిని. ముసుగు పిల్ల వచ్చిందంటే పెంపకంలో ఎక్కడో పొరపాటు జరిగినట్టే లెక్క. అందుకే వెనకనున్న రీసెట్ నొక్కేసి మళ్లీ గుడ్డుతో మొదలుపెట్టేవాళ్లు. ఓపిగ్గా మరికొన్ని రోజులు ఉంచుకున్నవాళ్లలో కొందరికి మాత్రం ఒక ఉదయం ఆ ముసుగు స్థానంలో ఓ నడివయసు మనిషి కనిపించాడు. పెట్టె మీద ఆయన బొమ్మ లేదు, ఆయన వస్తాడని ఎవరూ చెప్పలేదు. జపాన్‌లో ఆయన పేరు ఒయాజిచ్చి, ఇంగ్లిష్ వెర్షన్లలో బిల్.

తమగోచ్చి 1996 నవంబరు 23న జపాన్‌లో బందాయ్ సంస్థ అమ్మకానికి పెట్టిన గుడ్డు ఆకారపు బొమ్మ. జపనీస్‌లో గుడ్డును తమగో అంటారు, దానికి ఇంగ్లిష్ ‘వాచ్’ కలిసి ఆ పేరైంది. మూడు బటన్లు, అడ్డంగా 32, నిలువుగా 16 చుక్కలు పట్టే నలుపు తెలుపు తెర, లోపల 4 బిట్ల చిప్. అంతే సరంజామా. 2017 నాటికే ఈ బొమ్మలు ప్రపంచమంతా కలిపి 8 కోట్లకు పైగా చేతులు మారాయి. దీని వెనకున్న అకీ మైతా, అకిహిరో యొకొయ్‌లకు 1997లో ఇగ్ నోబెల్ ఆర్థిక బహుమతి ఇచ్చారు. లక్షలాది పనిగంటల్ని ఉత్తుత్తి జంతువుల పెంపకానికి మళ్లించారన్నది అందుకు చెప్పిన కారణం. నవ్వించడానికి ఇచ్చిన బహుమతే, కాదనను. కానీ ఆ గంటలన్నీ గాలికి పోయాయన్న తీర్పును నేను ఒప్పుకోను.

ఆ గంటలు ఎక్కడికి పోయాయో ఆ బొమ్మకు తెలుసు. అది లోపల ఒక పద్దు రాసుకుంటుంది. ఆకలికి నాలుగు హృదయాలు, సంతోషానికి నాలుగు హృదయాలు తెర మీద చూసుకోవచ్చు. ఏదైనా పూర్తిగా ఖాళీ అయితే అది పిలుస్తుంది. పావుగంటలో పలకకపోతే పద్దులో ఒక తప్పు పడుతుంది. పెంచేవాళ్ల భాషలో అది ‘కేర్ మిస్టేక్’. తరవాత ఎంత తినిపించినా, ఎంత ఆడించినా హృదయాలు నిండుతాయి గానీ ఆ తప్పు చెరగదు. తెర మీద ఎక్కడా కనిపించదు కూడా. ఇది కాక మందలింపుల లెక్క ఒకటి. కడుపు నిండి, సంతోషంగా ఉండి కూడా ఒక్కోసారి ఊరికే పిలుస్తుంది. అది మారాం. అప్పుడు మందలించాలి. ముద్దుచేసి వదిలేస్తే అదీ లెక్కలోకి వెళుతుంది. బొమ్మ పెద్దయ్యాక ఏ రూపం ఎత్తాలో నిర్ణయించేవి ముఖ్యంగా ఈ రెండు లెక్కలే.

పిలుపు ఆకలిదా, మారామా అన్నది ప్రతిసారీ తెర తెరిచి చూసుకోవాల్సిందే. రెండింటికీ ఒకటే గుర్తు వెలుగుతుంది. ఈ జంతువు కష్టమంతా అక్కడే ఉందంటాను. తినిపించడం కష్టం కాదు, బటన్ నొక్కితే తింటుంది. ఏడుపు విన్న ప్రతిసారీ కారణం వెతకడం, కారణం లేదని తేలినప్పుడు గట్టిగా ఉండటం కష్టం. మెత్తని మనసున్నవాళ్లు ఇక్కడే ఓడిపోతారు.

ఓడిపోతారని నేనంటున్నాను గానీ, ఈ బొమ్మ రూపకర్తల గొప్పతనం సరిగ్గా ఇక్కడే కనిపిస్తుంది. వేళకు తిండి పెట్టి, మందలించడం మాత్రం చేతకాని వాళ్ల చేతుల్లో పెరిగే పిల్లే మాస్కుచ్చి. అసలు మలుపు అంతకన్నా ముందే ఉంది. మూడేళ్ల వయసులో, అంటే మన మూడు రోజులకు, బాగా చూసుకున్న పిల్ల తమచ్చి అవుతుంది. ఈ తమచ్చిలు రెండు రకాలు. పసితనంలో మందలింపులు అందుకున్నది ఒకటి, అందుకోనిది ఇంకొకటి. తెర మీద రెంటికీ ఒక్క చుక్క కూడా తేడా ఉండదు. అదే మొహం, అదే నడక. తేడా అంతా లోపలి పద్దులోనే. ఆరేళ్లకు పెద్దదయ్యాక రెండో రకం తమచ్చి నుంచి వచ్చిన మాస్కుచ్చే ఇంకొన్ని రోజులకు ఒయాజిచ్చి అవుతుంది. మొదటి రకం నుంచి వచ్చిన మాస్కుచ్చి ఎన్నాళ్లున్నా ముసుగులోనే ఉండిపోతుంది.

కాబట్టి ఏ పొరపాటూ చేయనివాళ్లకు ఈ రహస్య రూపం దక్కదు. వాళ్లకు దక్కేది మమెచ్చి. పూర్తిగా వదిలేసినవాళ్లకూ దక్కదు. గారాబం చేసి చెడగొట్టారని మొదట్లో అనిపించుకున్నవాళ్లకు, ఆ తరవాత కూడా ఆ పిల్లను వదులుకోకపోతేనే ఆ తలుపు తెరుచుకుంటుంది. పిల్లల బొమ్మలో, అంత చిన్న చిప్‌లో, పెంపకం గురించి ఇంత లోతైన ఆలోచన పెట్టినవాళ్ల మీద నాకు ఎనలేని గౌరవం ఉంది. ఒయాజి అంటే జపనీస్‌లో నడివయసు మనిషి. నాన్నను చనువుగా అనే మాట కూడా అదే.

తరవాతి ఏడాది, 1997లో, అదే సంస్థ మగపిల్లల్ని ఉద్దేశించి డిజిమాన్ అనే పోరాట జంతువుల బొమ్మ తెచ్చింది. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత మనకు బాగా నచ్చుతుంది. తమగోచ్చి కూడా చాలావరకు ఆ సామెత దారిలోనే నడుస్తుంది. డిజిమాన్ మాత్రం ఎదురు తిరిగింది. అందులో నిర్లక్ష్యానికి శిక్ష నుమెమాన్. మురుగు కాలువల్లో బతికే, పోరులో పెంట విసిరే నత్త లాంటి జీవి. దాన్ని చూడగానే పిల్లలు ముఖం చిట్లించేవాళ్లు. పోరాడే శక్తి తక్కువ, తోటి పిల్లల బొమ్మల ముందు పరువు తక్కువ. అలాంటిదానికి విడవకుండా శిక్షణ ఇచ్చి, కనీసం 15 పోరాటాలు చేయించి, వాటిలో 80 శాతం గెలిపించగలిగితే అది మొంజాయెమాన్ అవుతుంది. పసుపురంగు పెద్ద ఎలుగుబంటి బొమ్మ అది. వీపు మీద జిప్పు ఉంటుంది. లోపల ఎవరున్నారో ఎవరికీ తెలియదని ఆ పాత్ర కథ.

ఒకచోట ముసుగు తీస్తే మనిషి, ఇంకోచోట అసహ్యం అనుకున్నది వేసుకున్న ఎలుగుబంటి తొడుగు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు అనిపించేది ఒకటే. ఆ రోజుల్లో ఈ బొమ్మలు చేసినవాళ్లు రహస్యాన్ని మొండి పిల్లల దగ్గరే దాచారు. ఇది యాదృచ్ఛికం అనుకోను. మంచి పిల్ల మంచి రూపం ఎత్తడంలో ఆశ్చర్యం ఏముంటుంది?

2001లో వచ్చిన సోనిక్ అడ్వెంచర్ 2 ఆటలోని చావ్ తోట ఇదే ఆలోచనను ఇంకో దారిలో పట్టుకుంది. చావ్ అనే చిట్టి జీవికి ఆయువు తీరినప్పుడు చుట్టూ గూడు అల్లుకుంటుంది. ప్రేమగా పెరిగినదైతే గూడు గులాబీ రంగులో ఉంటుంది, మళ్లీ గుడ్డుగా పుడుతుంది. లేకపోతే బూడిద రంగు గూడు, అక్కడితో సరి. బతికినంత కాలం దాన్ని ఎలా చూశామో చివరికి ఆ రంగే చెబుతుంది.

ఇక చార్టుల సంగతి. ఏ తప్పులకు ఏ రూపమో గీతలు గీసి చూపే గ్రోత్ చార్టులు ఇప్పుడు క్షణంలో దొరుకుతాయి. 2012 డిసెంబరులో హాంబర్గ్‌లో జరిగిన హ్యాకర్ల సమావేశంలో నటాలీ సిల్వనోవిచ్ అనే ఇంజినీరు తమగోచ్చి లోపలి సంగతులు తెలుసుకోవడానికి చేసిన ప్రయత్నాలను వివరించింది. అలాంటి పనిని నేను తక్కువ చేయను. మూసి ఉన్న పెట్టెను విప్పి చూడాలనిపించడం మంచి కుతూహలమే. కానీ చార్టు చేతికొచ్చాక పెంపకంలో ఒక విచిత్రం మొదలవుతుంది. అన్ని రూపాలూ సేకరించాలంటే కొన్నింటిని కావాలని ఆకలితో ఉంచాలి. తారాకోచ్చి అనే రూపం కావాలంటే హృదయాలు ఖాళీ అయి అది పిలుస్తుంటే గడియారం చూస్తూ పదిహేను నిమిషాలు ఊరుకోవాలి. చుక్కల బొమ్మే కదా అని తెలిసినా ఆ పావుగంట గడవడం ఎంత కష్టమో కూర్చున్నవాళ్లకు తెలుసు. మనం దేన్ని సాకుతామో దాన్నే ప్రేమిస్తామని ఈ బొమ్మలతో పిల్లల అనుబంధాన్ని ఏళ్ల తరబడి పరిశీలించిన ఎంఐటీ ఆచార్యురాలు షెర్రీ టర్కిల్ చెబుతూ వచ్చింది. ఆ పావుగంటలో కలిగే బాధే దానికి సాక్ష్యం.

ఇప్పటి ఫోన్లలోని చాలా పెంపుడు జంతువుల దగ్గర ఆ బాధ లేదు. వారం రోజులు తొంగిచూడకపోయినా చావవు, కాస్త అలిగినట్టు కనిపించి వెంటనే గంతులేస్తాయి. చావు తీసేయడాన్ని నేను తప్పుపట్టను. తొలి తమగోచ్చి చనిపోయి బడిలో ఏడ్చిన పిల్లలు ఎందరో. ఆ దుఃఖం చిన్నదేమీ కాదు. జపాన్ బొమ్మలో సమాధి, దెయ్యం కనిపిస్తే, బయటి దేశాల వెర్షన్‌లో దాన్ని రెక్కల దేవదూతగా మార్చాల్సి వచ్చింది. నా అభ్యంతరం వేరే. చాలా చోట్ల అరుదైన రూపాలను పెంపకం నుంచి విడదీసి డబ్బుకో, లాటరీ లాంటి గాచా తిప్పుడుకో ముడిపెట్టారు. పిల్లను ఎలా చూశారన్నదానితో దానికి పని లేదు. అక్కడ రూపం మారడం అంటే చొక్కా మారడమే. పద్దు రాసుకునే బొమ్మకు మనం గుర్తుంటాం, కొనుక్కున్న రూపానికి మన డబ్బు తప్ప మనం తెలియం. చావును తీసేస్తే తీసేయండి గానీ పద్దును ఉంచండి అని ఆ ఆటలు చేసేవాళ్లను అడగాలనిపిస్తుంది. తొందరపడనివాళ్లకు మాత్రమే దొరికే తలుపు ఒక్కటైనా, ప్రకటన ఇవ్వకుండా, అమ్మకుండా, ఒక మొండి పిల్ల దగ్గర ఉంచండి.

నా మొదటి మాస్కుచ్చిని, అది ముసుగుతో కనిపించిన మూడో రోజే నేను చెరిపేశాను. మమెచ్చి కావాలన్న పట్టుదల. చాలాకాలం తరవాత చార్టు చూసి, పసితనంలో మారాం పిలుపులన్నీ మందలించకుండా వదిలేసి, లెక్క తప్పకుండా ఇంకొకదాన్ని పెంచాను. అనుకున్నట్టే ఒక ఉదయం ఒయాజిచ్చి వచ్చి తెర మీద నడిచాడు. సంతోషపడ్డాను. కానీ ఆయన్ని చూస్తున్నంతసేపూ గుర్తొచ్చింది ఆ మొదటి ముసుగు పిల్లే. అది ఏ తమచ్చి నుంచి వచ్చిందో, ఇంకో రెండు రోజులు ఉంచి ఉంటే ఎవరై ఉండేదో తెలుసుకునే దారి లేదు. దాని పద్దు కూడా దానితోనే పోయింది.