ఒక్క వచనం గారికి కడప నుంచి ఉత్తరం

శ్రీయుత ఒక్క వచనం గారికి,

నమస్కారం. మా కడపలో మీకున్న డిమాండు ఎమ్మెల్యేలకు కూడా లేదు. ఏడురోడ్ల కాడ టీ బంకులో, కారం దోశల బండి ముందు, వాట్సాప్ గ్రూపుల్లో, ఎక్కడ చూసినా మీరే. "యేసు తానే దేవుణ్ణని ఎక్కడ చెప్పినాడు? ఒక్క వచనం చూపిచ్చున్నా, చాలు" అంటాడు ఒకాయన. అవతలి ఆయన ఫోను తీసి మిమ్మల్ని చూపిస్తాడు. మొదటాయన ఇంకో వచనాన్ని తీస్తాడు. టీ ఆరిపోతుంది, వాళ్లు మాత్రం ఆరరు.

మీ పుట్టుపూర్వోత్తరాలు కాస్త కదిలిస్తాను, ఏమీ అనుకోవద్దు. యేసు మాట్లాడిన రోజుల్లో మీరు లేరు. సువార్తలు రాసినవాళ్లకు మీరెవరో తెలీదు. అధ్యాయాలే 13వ శతాబ్దంలో స్టీఫెన్ లాంగ్టన్ అనే ఇంగ్లండు మతగురువు చేసిన విభజన. కొత్త నిబంధనలో మీకు ఇప్పుడున్న నంబరు వేసింది రాబర్ట్ ఎస్టియెన్ అనే ఫ్రెంచి ప్రింటరు, 1551లో. పారిస్ నుంచి లియోన్ పోతూ దారిలో ఆ పని చేశాడని ఆయన కొడుకే రాసిపెట్టాడు. వెతుక్కోవడానికి వేసిన అంకె మీరు. ఇప్పుడు జడ్జీ కుర్చీలో కూర్చున్నారు.

సరే, అడిగినదానికి జవాబు. "నేను దేవుణ్ణి, నన్ను పూజించండి" అని అచ్చంగా ఈ మాటలతో యేసు నాలుగు సువార్తల్లో ఎక్కడా అనలేదు. ఇంతమాట అనగానే చర్చి అన్న ముఖం మాడిపోతుంది, అడిగిన అన్న విజిల్ వేస్తాడు. ఇద్దరికీ తొందరే.

యోహాను సువార్త పదో అధ్యాయమే చూడండి. "నేనును తండ్రియును ఏకమైయున్నాము" అనే 30 గారు మీలో చాలా ఫేమస్. ఆ మాట విన్నవాళ్లు 31లో రాళ్లు తీశారు. మనిషివై ఉండి దేవుణ్ణని చెప్పుకుంటున్నావు కాబట్టి కొడతామన్నారు, అది 33. అక్కడ ఫోను ఆఫ్ చేస్తే చర్చి అన్న గెలిచినట్టు. 34లో యేసు 82వ కీర్తన ఎత్తి, అక్కడ మనుషులనే దైవాలన్నారు కదా, నేను దేవుని కుమారుణ్ణంటే దూషణ ఎలా అవుతుందని ఎదురడుగుతాడు. అక్కడ ఆపితే అడిగిన అన్న గెలుపు. 38లో తండ్రి నాలో, నేను తండ్రిలో అంటాడు, 39లో మళ్లీ పట్టుకోబోతారు. అంతవరకూ చదివినవాణ్ణి మా బంకులో నేనింకా చూడలేదు.

మార్కు సువార్త దారి వేరు. దేవుడొక్కడే మంచివాడు, నన్నెందుకు మంచివాడంటావు అని యేసు అడిగేది అక్కడే. లోకాంతపు ఆ దినం ఎప్పుడో కుమారునికి కూడా తెలియదనేదీ అక్కడే. వీటిని చూపించేవాళ్లు రెండో అధ్యాయాన్ని మాత్రం దాటేస్తారు. ఇంటికప్పు విప్పి దించిన పక్షవాత రోగితో యేసు, నీ పాపాలు క్షమించబడ్డాయి అంటాడు. దేవుడు తప్ప పాపాలు క్షమించేదెవరని శాస్త్రులు, అంటే యూదుల ధర్మశాస్త్రం బోధించేవాళ్లు, లోలోపల గొణుక్కుంటారు. నాకైతే అన్నిటికన్నా గట్టి చోటు ఇదే. తనను మనుష్యకుమారుడనే అంటాడు, దేవుణ్ణని చెప్పుకోడు, దేవుడు చేయాల్సిన పని మాత్రం చేసేస్తాడు. ఇక సిలువకు ముందు జరిగిన విచారణలో, మేఘాల మీద వచ్చే మనుష్యకుమారుణ్ణి చూస్తారని అనగానే ప్రధాన యాజకుడు బట్టలు చించుకుంటాడు. పాత నిబంధనలో, మేఘాల మీద వచ్చే మనుష్యకుమారునివంటివాడికి శాశ్వత రాజ్యం దక్కే దానియేలు ఏడో అధ్యాయం చదవనివాడికి ఆ కోపం ఎందుకో అర్థం కాదు. మిమ్మల్ని ఒంటరిగా లాక్కొచ్చేవాడు దానియేలును ఎక్కడ తెస్తాడు?

"తండ్రి నాకంటె గొప్పవాడు" అన్న యోహాను 14:28 గారిని, కుమారుడు తండ్రితో సమానం కాడన్న ఆరియస్ అనే మతగురువు పక్షం బాగా వాడుకుంది. అలెగ్జాండ్రియాలో రేగిన ఆ గొడవను తేల్చడానికి కాన్‌స్టంటైన్ చక్రవర్తి 325లో నీకయాకు బిషప్పులను పిలిపించాడు. కుమారుడు తండ్రితో ఒకే స్వభావం గలవాడని తీర్మానం రాశారు. గొడవ ఆగిందా? బిషప్పులు 381లో మళ్లీ ఒకసారి, యేసులో దైవత్వం, మానవత్వం ఎలా కలిశాయన్నది తేల్చడానికి 451లో ఇంకోసారి కూర్చోవాల్సొచ్చింది. మావాళ్లకేమో హాఫ్ టీలో తేలిపోవాలి.

నాకు నవ్వొచ్చేది ఇంకోటుంది. నా ముస్లిం మిత్రుడు తన గ్రంథంలోంచి ఎవరైనా ఒక్క ఆయతు పీకి చూపిస్తే, ముందూ వెనకా చదువప్పా అని కోప్పడతాడు. బైబిలు దగ్గరకొచ్చేసరికి మీరొక్కరే చాలంటాడు. చర్చి అన్నదీ అదే వరస, తిరగేసి. ఉగాదికి దేవుని కడప వెంకన్న గుడికి ముస్లింలు పోయే ఊరు ఇది, పెద్దదర్గా ఉరుసుకు అందరూ పోయే ఊరు. అక్కడెవరూ వచనం చూపించమని అడగరు, టీ బంకులోనే ఎక్కడలేని టెన్షన్.

వచ్చే ఆదివారం ప్రార్థన అయిపోగానే మిమ్మల్ని మళ్లీ పిలుస్తారు. యోహాను 10:30 గారూ, ఈసారి 22 నుంచి 39 దాకా మీవాళ్లందరినీ వెంటబెట్టుకుని రండి. బెంచీ చాలకపోతే మావాళ్లు లేచి నిలబడతారు, నేను మాట్లాడి పెడతాను.

ఇట్లు,
ఏడురోడ్ల టీ బంకు పాత ఖాతాదారు