ప్యాచ్ పంపినవాళ్లకు 'రిపోర్టెడ్-బై' సరిపోదు

2023లో లినక్స్ కెర్నెల్‌కు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెలాంటి భాగం) సంబంధించిన ఒక సంగతి ప్రోగ్రామర్ల మధ్య పెద్ద చర్చ అయింది. అందులో పవర్‌పీసీ అనే రకం ప్రాసెసర్ల కోసం రాసిన భాగంలో ఉన్న బగ్‌ను కొత్తగా వచ్చిన ఒక డెవలపర్ పట్టుకున్నారు. దానికి కారణం ఎక్కడుందో తవ్వి తీసి, సరిచేసే ప్యాచ్ (కోడ్‌లో చేయాల్సిన మార్పు) కూడా రాసి పంపారు. ఆ భాగం బాధ్యత చూసే మెయింటెయినర్ దాన్ని పక్కనపెట్టి, తన పద్ధతిలో మళ్లీ రాసి, తన పేరుతో కలిపేశారు. మొదట ప్యాచ్ రాసిన మనిషికి దక్కింది 'రిపోర్టెడ్-బై', అంటే బగ్ ఉందని చెప్పినవారు, అనే ఒక్క లైను.

ఇందులో దురుద్దేశం ఉందని నేను అనను. కానీ అన్యాయం మాత్రం జరిగింది. బగ్ ఉందని చెప్పడం వేరు, అది ఎందుకు వస్తోందో కనిపెట్టడం వేరు. కెర్నెల్ పనిలో అసలు కష్టమంతా రెండోదానిలోనే ఉంటుంది. చివరికి మారేది పది లైన్లే కావచ్చు, వాటి వెనక వారాల తరబడి వెతుకులాట ఉంటుంది.

పేరు ఇవ్వడానికి తగిన దారులు లేవా అంటే ఉన్నాయి. ఆలోచన ఇచ్చినవారికి 'సజెస్టెడ్-బై', పరీక్షించినవారికి 'టెస్టెడ్-బై', కలిసి రాసినవారికి 'కో-డెవలప్డ్-బై'. కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లోనూ 2018 నుంచి 'కో-ఆథర్డ్-బై' లైను రాస్తే ఇద్దరి పేర్లూ కనిపిస్తాయి. ఇక 'సైన్డ్-ఆఫ్-బై' సంగతి వేరు. లినక్స్ కోడ్ మీద ఎస్‌సీఓ కంపెనీ కోర్టుకెక్కాక, ఏ కోడ్ ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తేలడానికి 2004లో తెచ్చిన పద్ధతి అది. దాన్ని మెచ్చుకోలు కింద లెక్కేయకూడదు.

పేరు విషయంలో తర్వాత చూద్దాంలే అనుకుంటే కుదరదు. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ప్రతి కమిట్ (నమోదైన మార్పు) గుర్తింపు సంఖ్యనూ కోడ్‌తో పాటు రచయిత పేరు, మెసేజ్, ముందటి కమిట్, అన్నీ కలిపి లెక్కకడతారు. మెసేజ్‌లో ఒక్క అక్షరం మార్చినా ఆ సంఖ్య మారుతుంది, దాని మీద కట్టిన కమిట్‌లన్నిటి సంఖ్యలూ మారిపోతాయి. వేలమంది తమ కంప్యూటర్లలోకి దించుకున్న కెర్నెల్‌లో ఒక పేరు కోసం ఎవరూ ఆ పని చేయరు. సారీ ఎప్పుడైనా చెప్పొచ్చు, ఆ లైను మాత్రం అలాగే ఉండిపోతుంది.

మెయింటెయినర్ల వైపూ ఆలోచించాలి. చాలామందికి ఊపిరి సలపనంత పని. కొత్తవారి ప్యాచ్‌ను మూడుసార్లు తిప్పి పంపడం కంటే తామే రాసుకోవడం తేలిక. ఆ టెన్షన్ అర్థమవుతుంది. అయినా గిట్ రచయితనూ, కమిట్ చేసినవారినీ వేర్వేరుగా నమోదు చేస్తుంది కదా! వచ్చిన ప్యాచ్‌ను రచయిత పేరుతోనే ఉంచి, తాము చేసిన చిన్న మార్పును మెసేజ్ చివర చదరపు బ్రాకెట్లలో రాయడం కెర్నెల్‌లో ఎప్పటినుంచో ఉన్న అలవాటే. మార్పు పెద్దదైతే ఆ ప్యాచ్ కలిపాక, దాని మీద తమ పేరుతో ఇంకో కమిట్ పెట్టొచ్చు. ప్యాచ్ మొత్తం తిరిగి రాయక తప్పదనుకుంటే, కలపడానికి ముందే "మీ పేరు ఎలా పెట్టమంటారు?" అని ఒక మెయిల్ పంపితే చాలు.