పదో తరగతి పరీక్షను ఎవరూ రద్దు చేయలేదు

సంక్రాంతి సెలవుల్లో ఆ మెసేజ్ నాకు ఆరుసార్లు వచ్చింది. మా టెన్త్ బ్యాచ్ గ్రూపులో రెండుసార్లు, కాలనీ గ్రూపులో ఒకసారి వచ్చింది. మా వదిన పంపింది, బ్యాంకులో పనిచేసే స్నేహితుడు పంపాడు. ఆరోసారి మా స్కూలు స్టాఫ్ గ్రూపులోనే కనబడింది. అది చూశాక ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

మెసేజ్‌లో ఉన్నది ఇదీ: "కొత్త విద్యా విధానానికి కేబినెట్ గ్రీన్ సిగ్నల్. 36 ఏళ్ల తర్వాత మార్పు. ఇక బోర్డు పరీక్ష 12వ తరగతికే. పదో తరగతి బోర్డు రద్దు. ఎంఫిల్ బంద్. ఐదో తరగతి వరకు మాతృభాషలోనే చదువు, ఇంగ్లీషు ఒక సబ్జెక్టు మాత్రమే. 9 నుంచి 12 వరకు సెమిస్టర్లు. డిగ్రీ నాలుగేళ్లు. పిల్లలకు ఇక టెన్షన్ లేదు. అందరికీ పంపండి."

నేను ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పదో తరగతికి చెప్పడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లయింది. ఈ మెసేజ్ పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే. వాళ్ల మీద నాకు కోపం లేదని రాద్దామనుకున్నాను. నిజం చెప్పాలంటే ఉంది.

ముందు చిన్నవి తేల్చేస్తాను.

"36 ఏళ్ల తర్వాత" అంట. పాత జాతీయ విద్యా విధానం 1986ది, కొత్తదాన్ని కేబినెట్ ఆమోదించింది 2020 జూలై 29న. తీసివేత చేస్తే 34 వస్తుంది. ఆమోదం నిన్నగాక మొన్న వచ్చినట్టు ఏటా పంపుతూనే ఉన్నారు.

"ఎంఫిల్ బంద్." పీహెచ్‌డీకి ముందు చేసే ఆ పరిశోధన డిగ్రీ విషయంలో ఇది నిజమే. విధానంలోనే ఆ మాట ఉంది. 2022లో యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ, పీహెచ్‌డీ నిబంధనలు మార్చినప్పుడు ఎంఫిల్‌ను తీసేసింది. 2023 డిసెంబరులో అయితే ఎంఫిల్‌లో ఎవరినీ చేర్చుకోవద్దని యూనివర్సిటీలకు మళ్లీ గట్టిగా చెప్పింది. ఇలాంటి నిజం ఒకటి మధ్యలో ఉండబట్టే మిగతాదంతా నిజమేనని నమ్ముతున్నారు.

"డిగ్రీ నాలుగేళ్లు." సగం నిజం. ఒక ఏడాది చదివి ఆపేస్తే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ, నాలుగో ఏడాది కూడా చదివితే ఆనర్స్. మూడేళ్లకే డిగ్రీ తీసుకుని బయటికి రావచ్చు. మా వదిన కంగారంతా దీని గురించే. ఆమెకు ఫోన్‌లో చెప్పేశాను.

"సెమిస్టర్లు." బోర్డులు కావాలనుకుంటే అలా కూడా పరీక్షలు పెట్టుకోవచ్చని రాశారు. పెట్టి తీరాలని ఎక్కడా లేదు. మన దగ్గర పబ్లిక్ పరీక్ష ఏడాది చివరే.

"మాతృభాషలోనే." "సాధ్యమైన చోట" అన్న మాట విధానంలో ఉంది, మెసేజ్‌లో ఎగిరిపోయింది. మన రాష్ట్రంలో సర్కారు బడి పిల్లాడి సంచీలోంచి ఒక పుస్తకం తీసి చూడండి. ఒక పేజీ తెలుగులో ఉంటుంది, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో ఉంటుంది. 2020 నుంచీ అవే పుస్తకాలు. మాధ్యమం మీద నాకూ చాలా చెప్పాలని ఉంది. ఇప్పుడు కాదు.

ఇక అసలు విషయం.

"పదో తరగతి బోర్డు రద్దు." ఇది పచ్చి అబద్ధం. 10, 12 తరగతుల బోర్డు పరీక్షలు కొనసాగుతాయని ఆ విధాన పత్రంలోనే రాసి ఉంది. ప్రశ్నల తీరు మార్చాలన్నారు, బట్టీ తగ్గాలన్నారు, పిల్లలకు ఏడాదిలో రెండుసార్లు రాసే వీలివ్వాలన్నారు. సీబీఎస్ఈ 2026 నుంచి పదో తరగతికి అదే చేస్తోంది. ఫిబ్రవరిలో పెట్టేది అందరూ రాయాలి. మార్కులు పెంచుకోవాలనుకునేవాళ్లు మూడు సబ్జెక్టుల వరకు మేలో మళ్లీ రాయవచ్చు. ఒక పరీక్ష రెండయితే మీరు దాన్ని రద్దు అని పంచుతున్నారు. ఇది తప్పుడు ప్రచారమని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ వాళ్ల ఫ్యాక్ట్ చెక్ కూడా చెప్పింది. అదెవరూ ఫార్వర్డ్ చేయలేదు.

ఈ గందరగోళం ఎక్కడ మొదలైందో ఊహించగలను. కొత్త విధానంలో బడి చదువును 5+3+3+4గా విడగొట్టారు. అంగన్‌వాడీ నుంచి రెండో తరగతి వరకు అయిదేళ్లు, తర్వాత మూడేసి ఏళ్లు రెండు దశలు, చివర 9 నుంచి 12 వరకు నాలుగేళ్లు. 9 నుంచి 12 దాకా ఒకే దశ అనగానే ఎవరో పరీక్ష కూడా చివర ఒక్కటే అనుకున్నారు. కానీ మన దగ్గర 12వ తరగతి అనే మాటే వాడం గదా! మనకున్నది ఇంటర్. దానికి బోర్డు వేరు. ఆ ఒక్క మాట చూస్తేనే ఇది మన రాష్ట్రం గురించి రాసింది కాదని తెలియాలి. 1976లో 42వ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి వెళ్లింది, నిజమే. అయినా మన పిల్లలకు పదో తరగతి పరీక్ష పెట్టేది మన ఎస్సెస్సీ బోర్డే. తీసేయాలన్నా ఇక్కడి ప్రభుత్వమే జీవో ఇవ్వాలి. అలాంటి జీవో లేదు. 2026 పరీక్షలు మార్చి 16న మొదలవుతాయని టైంటేబుల్ ఇచ్చారు. మీ పిల్లల దగ్గర 125 రూపాయలు పరీక్ష ఫీజు కట్టించుకున్నాం. లేని పరీక్షకు ఫీజు కట్టించుకుంటామా? ఫీజు కట్టిన నాన్నలే సాయంత్రానికి రద్దయిందని మెసేజ్ ఎలా పంపుతారు?

ఇంత కోపం ఎందుకో చెప్తాను.

సెలవులయ్యాక బడి తెరిచిన రెండో రోజు, సాయంత్రం స్పెషల్ క్లాసు జరుగుతుండగా ఒకాయన వచ్చాడు. కూతురు మా దగ్గర పది చదువుతోంది. "సార్, టెన్త్ తీసేశారంట గదా. మిరప కోతలకి మనుషులు దొరకట్లేదు. పాపని రెండు నెలలు ఇంటికి పంపండి సార్, తర్వాత ఎట్టాగూ ఇంటర్‌కి పంపుతాం" అన్నాడు. ఎవరు చెప్పారయ్యా అంటే ఫోన్ తీసి చూపించాడు. ఇదే మెసేజ్. పైన "చాలాసార్లు ఫార్వర్డ్ చేయబడింది" అని కూడా ఉంది. ఆయనను ఏమనగలం? బావమరిది పంపాడట, హైదరాబాద్‌లో ఉంటాడట, డిగ్రీ చదివాడట. చదువుకున్నవాడు చెప్తే నమ్మడం తప్పా? ఆ పిల్ల గుమ్మం పక్కన నిలబడి వింటోంది. పరీక్ష రాసే పిల్లల జాబితా, అదే నామినల్ రోల్స్‌లో ఆమె పేరు, ఫొటో చూపించాను. టైంటేబుల్ చూపించాను. సరే అని తలూపి వెళ్లాడు. అయినా నాలుగు రోజులు పిల్ల బడికి రాలేదు. ఆ నాలుగు రోజుల్లో త్రికోణమితి రివిజన్ మొదలుపెట్టాం. ఇప్పుడు ఆమెకు విడిగా చెప్పుకోవాలి.

నాలుగు రోజులకేమైంది అంటారేమో. పది పాసైన కాగితం లేకపోతే ఏమవుతుందో మీకు తెలియక కాదు. మీ పిల్లలకు ఆ అవసరం రాదు కాబట్టి గుర్తుకు రాదు.

పాస్‌పోర్టు సంగతే తీసుకోండి. పది పాసైనవాడికి మామూలు పాస్‌పోర్టు వస్తుంది. పది ఫెయిలయినవాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని, అంటే విదేశాల్లో పనికి వెళ్లే ముందు అనుమతి కావాలని పడుతుంది. అతను సౌదీకో కువైట్‌కో ఖతార్‌కో పనికి వెళ్లాలంటే ముందు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారి నుంచి క్లియరెన్స్ తీసుకోవాలి. కూలీలను కాపాడటానికే 1983 ఎమిగ్రేషన్ చట్టం ఆ నిబంధన పెట్టింది, మంచిదే. కానీ ఆ క్లియరెన్స్ తప్పించి విజిట్ వీసా మీద పంపిస్తామనే ఏజెంట్ల చేతిలో పడేది ఈ పది పాసవ్వనివాళ్లే. కడపలో, కోనసీమలో, అటు జగిత్యాల, నిజామాబాద్ ఊళ్లలో ఎవరినడిగినా చెప్తారు. మా బడిలో చదివిన ఒకబ్బాయి లెక్కల్లో రెండు మార్కుల తేడాతో పోయి, సప్లిమెంటరీ రాయకుండా ఊరుకున్నాడు. ఆరేళ్ల తర్వాత ఆ కాగితం కోసం ఓపెన్ స్కూల్లో ఫీజు కట్టి వచ్చి, "సార్, మళ్లీ మొదటి నుంచి చెప్పండి" అని నా ముందు కూర్చున్నాడు.

పోస్టాఫీసులో గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగానికి రాతపరీక్ష లేదు, పదిలో వచ్చిన మార్కులే మెరిట్. సైన్యంలో అగ్నివీర్ జనరల్ డ్యూటీకి పదిలో మొత్తం మీద 45 శాతం కావాలి. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో ఆరేళ్ల ఇంజినీరింగ్ సీటు పది మార్కుల మీదే ఇస్తారు, పైగా సర్కారు బడి పిల్లలకు కొంత అదనంగా కలుపుతారు. కోచింగ్ ఫీజు కట్టలేని ఇంటి పిల్లకు ఇంజినీరింగ్ దాకా నేరుగా వెళ్లే దారి ఇది. నా విద్యార్థులు ఆ దారిన వెళ్లారు, నేను చూశాను.

"పరీక్ష లేకపోతే పిల్లలకు టెన్షన్ ఉండదు కదా మాస్టారూ" అని మా బ్యాంకు స్నేహితుడు అన్నాడు. ఊహించుకోనక్కర్లేదు, ఒకసారి నిజంగానే జరిగింది. కోవిడ్ వల్ల 2020లో, 2021లో పది పరీక్షలు జరగలేదు, అందరినీ పాస్ చేశారు. ఏమైంది? మార్కులు లేవు కాబట్టి ఆ రెండేళ్లూ ట్రిపుల్ ఐటీలకు విడిగా ప్రవేశ పరీక్ష పెట్టాల్సి వచ్చింది. 2020 బ్యాచ్ చేతిలో ఉన్నది పాస్ అన్న ఒక్క ముక్కే, ఉద్యోగానికి దరఖాస్తు చేయబోతే మార్కులేవని అడిగారు. చివరికి 2021 ఆగస్టులో బడిలో పెట్టిన చిన్న పరీక్షల మార్కులు లెక్కగట్టి రెండు బ్యాచ్‌లకూ గ్రేడ్లు ఇచ్చారు. 2022లో మళ్లీ పరీక్ష పెడితే రాష్ట్రంలో 67.26 శాతం మందే పాసయ్యారు. 2025లో అది 81.14. ఆ పతనానికి పరీక్ష లేకపోవడం ఒక్కటే కారణమనను, రెండేళ్లు బళ్లే సరిగా లేవు. కానీ ఇక్కడ పరీక్ష తీసేస్తే తర్వాతి గుమ్మం దగ్గర ఇంకో పరీక్ష వచ్చి కూర్చుంటుందని మాత్రం కళ్లారా చూశాం. దానికి కోచింగ్ ఉంటుంది, ఫీజు ఉంటుంది. మా పిల్లలు అక్కడే ఆగిపోతారు. జిల్లా పరిషత్ బడి పిల్ల, లక్షలు కట్టే కార్పొరేట్ స్కూలు పిల్లాడు ఒకే ప్రశ్నపత్రం ముందు కూర్చునే రోజులు మన రాష్ట్రంలో ఎన్ని ఉన్నాయి చెప్పండి? మార్చిలో ఆ కొన్ని రోజులే. వాటిని కూడా మీరు ఒక మెసేజ్‌తో తుడిచేస్తారా?

అయితే ఇక్కడ నేను ఒప్పుకోవాల్సింది ఒకటుంది, దాచను. ఈ పరీక్షను మేం పాడుచేశాం. డిసెంబరు వచ్చిందంటే కొత్త పాఠం ఉండదు. వంద రోజుల ప్రణాళిక, పొద్దున స్లిప్ టెస్ట్, సాయంత్రం స్పెషల్ క్లాసు. వెనకబడిన పిల్లలకు ముప్ఫై అయిదు తెచ్చే ప్రశ్నలు ఏరి, అవే రాయించి రాయించి పరీక్షకు తోలుతాం. హిందీకి ఇరవై చాలు కాబట్టి ఆ ఇరవైకి సరిపడానే చెప్తాం. గ్రాఫు వేయడం వచ్చిన పిల్లకు ఆ గీత ఏం చెప్తోందో తెలియదు. నేనూ అలాగే చెప్పాను, చాలాసార్లు. ఉత్తీర్ణతా శాతం తగ్గితే హెడ్మాస్టరుకు మెమో వస్తుందన్న భయంతో చెప్పాను. ఫలితాల రోజు ఏ ఊళ్లో ఏ పిల్ల ఏం చేసుకుందో అన్న వార్త వినకుండా ఒక్క ఏడాదీ గడవదు. ఆ రోజు నాకూ అన్నం సహించదు. బట్టీ పోవాలి, రెండో అవకాశం తేలిగ్గా ఉండాలి, ఒక్క మార్చితో బతుకు అయిపోకూడదు అని ఆ విధాన పత్రం చెప్పిన మాట సరైనదే. మన బోర్డు కూడా సీబీఎస్ఈలా రెండుసార్లు పెట్టాలని నేను సంతకం పెట్టి అడుగుతాను. ఆ మాట ఫార్వర్డ్ చేయండి, నేనూ చేస్తాను.

ఇలాంటి పుకార్లు నాటుకోవడంలో ప్రభుత్వాల తప్పు కూడా లేకపోలేదు. 2025 జనవరిలో ఇంటర్ బోర్డు మొదటి ఏడాది పబ్లిక్ పరీక్షలు తీసేస్తే ఎలా ఉంటుందని జనం అభిప్రాయం అడిగింది, తర్వాత వెనక్కి తగ్గింది. అడిగిన సంగతి అందరికీ చేరింది. వెనక్కి తగ్గిన సంగతి మా ఊళ్లో సగం మందికి చేరలేదు. అలాంటప్పుడు పది తీసేశారంటే నమ్మరా? నమ్ముతారు. అందుకే చదువుకున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగాలి. పంపే ముందు ఊళ్లో బడికి ఫోన్ చేసి అడగండి. ఏ టీచరైనా చెప్తారు.

ఆ పాప తండ్రి దగ్గర బావమరిది నంబరు తీసుకుని నేనే ఫోన్ చేశాను. పాపం, అతను నిజంగానే బాధపడ్డాడు. "మంచి వార్త కదా అని పంపాను సార్" అన్నాడు. తప్పని రాసి తన గ్రూపులన్నిటిలో పెట్టాడు. మా స్టాఫ్ గ్రూపులో పెట్టిన మేడమ్ కూడా అదే రోజు తీసేశారు. మా టెన్త్ బ్యాచ్ గ్రూపులో మాత్రం అది ఇంకా అలాగే ఉంది, దాని కింద పద్నాలుగు దణ్ణాలు ఉన్నాయి.