కంప్యూటర్ కేబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎస్‌ఎంపీఎస్ గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. తమరు కాలుపెట్టిన ఇంట్లో మదర్‌బోర్డు కుశలంగా ఉంటుందన్న నమ్మకం లేక ఆ మాట మానేశాను.

కంప్యూటర్‌కి కరెంటిచ్చే పవర్ సప్లై డబ్బాగా తమరి ఉద్యోగం చిన్నదేమీ కాదు. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులకు దించి, లోపల కూర్చున్న అందరికీ కొలిచి పంచాలి. ప్రాసెసర్ బతుకూ, గ్రాఫిక్స్ కార్డు బతుకూ తమరి చేతుల్లోనే. అంతటివారికి కొటేషన్‌లో సొంతంగా ఒక లైను లేదు. కంప్యూటర్ సామాన్ల బజారు ఏదైనా, సికింద్రాబాద్ సీటీసీలో అయినా, చెన్నై రిచీ స్ట్రీట్‌లో అయినా, బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో అయినా ఆ కాగితం ఒకేలా ఉంటుంది. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు, ఒక్కోదానికీ మోడల్, వారంటీ, ధర. చివర కేబినెట్, దాని పక్కన చిన్న అక్షరాల్లో ‘విత్ ఎస్‌ఎంపీఎస్’. కంపెనీ పేరు లేదు, వారంటీ లేదు. ఏమిటిది అంటే, “లోపలే వస్తది సార్, నాలుగొందల యాభై వాట్స్” అని జవాబు. షాపతన్ని తిట్టి లాభం లేదు. మంచిది చూపించమంటే చూపిస్తాడు. అడిగేవాళ్లేరీ?

మా బాబాయ్ కొడుకు ఇంజనీరింగ్‌లో చేరాడు. కంప్యూటర్ కొననని, ముక్కలు తెచ్చి తనే బిగించుకుంటానని పంతం పట్టాడు. ప్రాసెసర్ రైజెన్ 5 5600 అనుకున్నాక, ర్యామ్ వేగం 3200ది తీసుకోవాలా 3600 తీసుకోవాలా అని వాడు పడ్డ టెన్షన్ ఎంసెట్ ర్యాంకుకి కూడా పడలేదు. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3060. కేబినెట్ సంగతి చెప్పక్కర్లేదు: ముందు అద్దం, పక్కన అద్దం, ఎటు చూసినా లైట్ల ఫ్యాన్లు, రిమోట్‌తో రంగులు మారతాయి. అందులో తమరు. ఎస్‌ఎంపీఎస్ వేరుగా కొనమన్నాను. 550 వాట్లు, కరెంటు వృథా తక్కువని చెప్పే ‘80 ప్లస్ బ్రాంజ్’ ముద్ర, నాలుగైదు వేలవుతుందన్నాను.

బాబాయ్ కళ్లజోడు పైకి నెట్టి, “అది బయటికి కనపడుద్దా?” అన్నాడు.

“కనపడదు బాబాయ్. కింద రేకు అరలోకి పోతుంది.”

“కనపడని దానికి ఐదు వేలెందుకురా? ఫ్రీగా ఇస్తుంటే చేదా?”

ఫ్రీగా వస్తే ఫినాయిల్ కూడా తాగుతాం మనం. తమరి వంశం ఇంతగా వర్ధిల్లడానికి మూలపురుషుడు మా బాబాయే. రిమోట్ ఉన్న ఫ్యాన్లకి డబ్బు పెట్టడానికి మాత్రం ఆయనకి అభ్యంతరం లేదు, అవి కనపడతాయి కాబట్టి.

ఇక తమరి ఒంటికి అంటించిన స్టిక్కర్ దగ్గరికి వద్దాం. పైన మూడు అంగుళాల అక్షరాల్లో 450. కింద చీమ తలంత అక్షరాల్లో అసలు జాతకం. 12 వోల్టుల దగ్గర 14 ఆంపియర్లు, అంటే 168 వాట్లు. 5 వోల్టులకి 20 ఆంపియర్లు, 100 వాట్లు. 3.3 వోల్టులకి 20 ఆంపియర్లు, 66 వాట్లు. మైనస్ 12 వోల్టులకో అర ఆంపియర్, కంప్యూటర్ ఆపినా అందే 5 వోల్టుల స్టాండ్‌బైకి రెండు ఆంపియర్లు, రెండూ కలిపి 16 వాట్లు. మొత్తం 350. అన్నిటినీ ఒకేసారి పూర్తిగా ఇవ్వగలరని నమ్మినా 350 దాటదు. మిగతా వంద వాట్లు ఎక్కడ తయారవుతున్నాయి మహాప్రభో, స్టిక్కర్ అచ్చేసిన ప్రెస్సులోనా?

పైగా ఆ 5, ఆ 3.3 ఇప్పుడెవరికి కావాలి? 1995లో ఇంటెల్ బోర్డు, కేబినెట్, పవర్ సప్లైలకి ఏటీఎక్స్ అనే ఉమ్మడి కొలతల పద్ధతి తెచ్చినప్పుడు ప్రాసెసర్లు వాటి మీదే బతికేవి. 2000లో పెంటియం 4 వచ్చాక 12 వోల్టుల కోసం బోర్డు మీద విడిగా నాలుగు పిన్నుల కనెక్టర్ పెట్టాల్సి వచ్చింది. అప్పట్నుంచి బరువంతా 12 మీదికే మళ్లుతూ వచ్చింది. తమరు మాత్రం తాతల నాటి డిజైన్‌లోనే కొలువై, అక్కర్లేని వోల్టేజీలో దానధర్మాలు చేస్తూ, అసలు అడిగే చోట చెయ్యి బిగిస్తారు. మావాడి లెక్కే చూడండి. రైజెన్ 5 5600 పెట్టె మీద 65 వాట్లని ఉన్నా, పని పడితే 76 దాకా తీసుకుంటుంది. 3060కి 170 వాట్లు. రెండూ కలిపి 246, దాదాపు అంతా 12 వోల్టుల దగ్గరే. ఇంకా ఫ్యాన్లు, లైట్లు ఉన్నాయి. తమరి దగ్గర ఉన్నది 168. ఆ కార్డు చేసినవాళ్లు 550 వాట్ల సప్లై పెట్టమని ఊరికే రాయలేదు.

తమరి పీకకి ఆ కార్డు అడిగే ఎనిమిది పిన్నుల వైరు కూడా ఉండదు. దానికీ ఒక ఏర్పాటు ఉంది. హార్డ్‌డిస్కులకి వాడే పాత నాలుగు పిన్నుల కనెక్టర్లు రెండు కలిపి ఎనిమిది చేసే కన్వర్టర్ కేబుల్. పిన్నుల లెక్క సరిపోతుంది. ఆ సన్నటి వైర్లలో కరెంటు లెక్క సరిపోతుందా అని అడిగితే, “అందరూ ఇదే వాడుతున్నారు సార్” అంటారు.

బిగించేటప్పుడు తమరి అందం ఇంకా బాగా తెలుస్తుంది. ఈ మధ్య కేబినెట్లలో పవర్ సప్లై అడుగున కూర్చుంటుంది. ప్రాసెసర్‌కి కరెంటిచ్చే కనెక్టర్ బోర్డు ఎడమ పైమూల దగ్గర. ఆ వైరు బోర్డు వెనక నుంచి చుట్టు తిరిగి పైకి రావాలి. తమరి వైరు అంత పొడుగుండదు, పవర్ సప్లై పైన కూర్చునే రోజుల కొలతకి కత్తిరించింది. అందుకని కింద నుంచి నేరుగా గ్రాఫిక్స్ కార్డు మీదుగా, ర్యామ్ పక్కగా, పసుపు నలుపు తీగలు తాడులా బిగిసి ఏటవాలుగా పైకి పోతాయి. పక్కన అద్దం పెట్టింది లోపలి సొగసు చూడ్డానికి. మెయిన్ డోర్‌కి అడ్డంగా బట్టలు ఆరేసే దండెం కట్టినట్టు ముందు ఈ వైరే కనపడుతుంది. దాని మీద లైట్లు ఎరుపు, నీలం, ఊదా మారుతుంటాయి. బాబాయ్ గారి ప్రశ్నకి ఇదొక రకం సమాధానం: కనపడుద్ది.

తర్వాతి కథ ఏ ఇంట్లోనైనా ఒకటే. నెట్ చూసినంతసేపు తమరంత బుద్ధిమంతులు లేరు. గేమ్ పెట్టి, గ్రాఫిక్స్ కార్డు నిజంగా పనిలోకి దిగిందో లేదో, టప్పున ఆగి రీస్టార్ట్. ఎర్రర్ ఉండదు, నీలం తెర ఉండదు. అనుమానం తమరి మీదకి తప్ప అందరి మీదకీ పోతుంది. మొదట విండోస్ ఫార్మాట్. తర్వాత వైరస్. తర్వాత ర్యామ్ పీకి, బంగారు పూత కాళ్లని పెన్సిల్ రబ్బరుతో రుద్దడం. మన దేశంలో సగం కంప్యూటర్ వైద్యం ఆ రబ్బరుతోనే నడుస్తుంది, నటరాజ్ వాళ్లకి ఈ సంగతి తెలుసో లేదో. ఆపైన థర్మల్ పేస్టు మార్చడం. ఆఖరికి అమ్మమ్మ వచ్చి దిష్టి తగిలిందంటుంది. అందరి రోగనిర్ధారణల్లో ఆవిడదే నిజానికి దగ్గరగా ఉంటుంది. లోపల ఎవరిదో కన్ను మంచిది కాదని మాత్రం ఆవిడ పట్టేసింది.

ఇన్వర్టర్ దగ్గర తమరి పరువు మళ్లీ పోతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ కొన్ని మిల్లీసెకన్లలో ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, టీవీ సీరియల్లో అత్తగారు మాట మధ్యలో ఆగరు. కంప్యూటర్ ఒక్కటే ఆరిపోతుంది. ఏటీఎక్స్ నిబంధనల ప్రకారం గోడలో కరెంటు ఆగాక కూడా కొన్ని మిల్లీసెకన్లు లోపలివాళ్లని నిలబెట్టాలి. ఆ నిలవ ఉండేది పెద్ద కెపాసిటర్లలో. తమరికి పెట్టినవి చిన్నవి, ఖర్చు మిగల్చాలిగా.

ఒకసారి రిపేరు షాపు బల్ల మీద తమరి సోదరుడొకరు మూత తీసి పడుకుని ఉండగా చూశాను. (చదువుతున్నవాళ్లకి ఒక మాట: ప్లగ్ పీకేశాక కూడా లోపల 300 వోల్టులకి పైగా నిలిచి ఉండొచ్చు. ఇంట్లో స్క్రూడ్రైవర్ ఉంది కదాని విప్పకండి.) బోర్డు మీద కరెంటులోని రొదని వడకట్టే ఫిల్టర్ కాయిల్ ఎక్కడ రావాలో తెల్ల గీతతో గుండ్రంగా గీసి ఉంది. కాయిల్ లేదు. ఆ చోట ఒక తీగముక్క అటూ ఇటూ కలిపి టంకం పెట్టేశారు. పక్కన ఇంకో రెండు ఖాళీ జాగాలు. గీసినవాడు పాపం మంచివాడే, అన్నీ గీశాడు. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో మంచి ఎస్‌ఎంపీఎస్ ఉన్న కేబినెట్ ముట్టుకుంటే జుమ్ముమంటుంది, ఫిల్టర్‌లోని కెపాసిటర్ల మూలంగా. ఆ మాత్రం జుమ్మనడానికైనా లోపల కొంచెం సామాను ఉండాలి.

పోనీ పోయేవారు ఒంటరిగా పోతారా అంటే అదీ లేదు. కోతి తాను చెడి వనమెల్లా చెరిచిందని సామెత. ఓవర్ వోల్టేజ్, ఓవర్ కరెంట్, షార్ట్ సర్క్యూట్, ఈ మూడింటికీ రక్షణ ఉన్న సప్లై తేడా రాగానే తనంతట తను ఆగిపోతుంది. మామూలుగా పోతే అదొక్కటే పోతుంది. తమరు పోతూ పోతూ బోర్డునీ, ఎస్‌ఎస్‌డీనీ తోడు తీసుకెళ్లగలరు. ఎస్‌ఎస్‌డీ అంటే మళ్లీ కొనుక్కోవచ్చు, అందులో ఉన్న పెళ్లి ఫొటోలు ఏ షాపులో దొరుకుతాయి?

దసరాకి ఆయుధపూజ రోజు మా ఇళ్లలో కంప్యూటర్‌కి బొట్టు పెడతాం. ఎప్పుడైనా గమనించారా, ఆ బొట్టు కూడా అద్దం మీదే పెడతాం.

ఇంతకీ మా బాబాయ్ దారికొచ్చాడు. వాట్లు, ఆంపియర్లు ఎంత చెప్పినా కదలని మనిషి, కాలిన గుర్తులున్న గ్రాఫిక్స్ కార్డుకి వారంటీ రాదనగానే లేచి నిలబడ్డాడు. మావాడికి 550 వాట్లది విడిగా కొన్నాం. తమర్ని నాలుగు స్క్రూలు విప్పి బయటికి దించాం. షాపులోనే వదిలేద్దామంటే బాబాయ్ ఒప్పుకోలేదు. “కేబినెట్ రేటులో దీని రేటు కూడా ఉందిరా, ఊరికే ఇచ్చాడనుకున్నావా?” అన్నాడు. ఫ్రీ అన్న మనిషే! తమర్ని ఇంటికి తెచ్చి, పాత మిక్సీ అట్టపెట్టె పక్కన అటకెక్కించాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

మొన్న ఆదివారం ఆయన దగ్గర్నుంచి ఫోన్. “ఒరేయ్, మన గుంటూరు పిన్ని వాళ్ల అల్లుడి కంప్యూటర్ ఆన్ కావట్లేదంట. ఎస్‌ఎంపీఎస్ పోయిందన్నారంట. మన అటక మీద కొత్తది ఊరికే పడుంది కదా, బస్సులో పార్సిల్ వేసేశా. అల్లుడు చాలా సంతోషించాడు. నువ్వు ఒకసారి వెళ్లి బిగించి రా.”

అల్లుడి దగ్గర కూడా 3060 ఉందట. కాబట్టి తమరికన్నా ముందే గుంటూరు చేరదామని ఈ రాత్రి బస్సెక్కుతున్నాను. వెంట ఇంకో 550 వాట్ల డబ్బా తెస్తున్నాను, దాని బిల్లు మా బాబాయ్‌కి చూపించే ధైర్యం మాత్రం ఇంకా రాలేదు.

ఇట్లు,
చుట్టాల్లో కంప్యూటర్ తెలిసినవాడు

తా.క.: పార్సిల్ మీద బాబాయ్ పెద్ద అక్షరాలతో ‘450 వాట్స్, జాగ్రత్త’ అని రాశాడట. రెండో మాట వరకు ఆయనతో నాకు పేచీ లేదు.