సవరణ: ‘వాంటెడ్! ది అవుట్‌లాస్’ కొత్తగా రికార్డు చేసిన ఆల్బం కాదు

1976 జనవరిలో అమెరికా రికార్డు కంపెనీ ఆర్‌సీఏ విడుదల చేసిన ఈ ఆల్బం కోసం కంట్రీ (అమెరికా జానపద బాణీ సంగీతం) గాయకులు వేలన్ జెన్నింగ్స్, విల్లీ నెల్సన్, జెస్సీ కోల్టర్, టాంపాల్ గ్లేజర్ నలుగురూ కలిసి స్టూడియోలో కూర్చున్నారని ఇంతకుముందు రాశాం. అది తప్పు. అప్పట్లో నాష్‌విల్‌లో ఆర్‌సీఏ వ్యవహారాలు చూసిన జెర్రీ బ్రాడ్లీ కూర్చిన సంకలనం ఇది. 11 పాటల్లో ఎక్కువ భాగం అప్పటికే బయటికి వచ్చినవే.

ఇందులోని ‘గుడ్ హార్టెడ్ ఉమన్’ పాట వేలన్, విల్లీ ఇద్దరూ ఒకే వేదిక మీద పాడిన యుగళగీతం అనడం ఇంకా పెద్ద పొరపాటు. వేలన్ ఒక్కడే పాడిన రికార్డింగ్‌లో కొన్నిచోట్ల ఆయన గొంతు తీసేసి, విల్లీ గొంతు తర్వాత చేర్చారు. ప్రేక్షకుల కేరింతలు వినిపిస్తాయి కాబట్టి ఎవరైనా మోసపోతారు. అయినా అతుకు తెలియనంత బాగా కుదిరింది. వేలన్ సోలోగా పాడిన 1972 నాటి పాటను పక్కన పెట్టుకుని వింటే తేడా పట్టుకోవచ్చు.

‘పది లక్షలు అమ్ముడైన తొలి కంట్రీ ఆల్బం’ అన్న వాక్యాన్ని ‘ప్లాటినం ధ్రువీకరణ పొందిన తొలి కంట్రీ ఆల్బం’ అని చదవండి. ఆల్బంలకు పది లక్షల ప్రతుల ప్లాటినం స్థాయిని అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం 1976లోనే మొదలుపెట్టింది. అంతకుముందు గోల్డ్ అనే ధ్రువీకరణ మాత్రమే ఉండేది. కాబట్టి ప్లాటినం తొలిసారి దక్కిందంటే, అంతకుముందు ఏ కంట్రీ ఆల్బమూ పది లక్షలు అమ్ముడుకాలేదని అర్థం కాదు.