కనుమనాడు బాతు దర్శనం

కనుమనాడు కాకి కూడా కదలదంటారు. మా బావగారు కదిలారు, పండక్కొచ్చిన మా పిల్లలిద్దర్నీ కదిలించారు, వాళ్ల చెప్పులు మోయడానికి నన్నూ కదిలించారు. గారెలకి పప్పు రుబ్బుతున్న అక్క "కాకే కదలని రోజున మీ బాతు ఎందుకు కదుల్తుందండీ" అంది గానీ, కొత్తగా బైనాక్యులర్స్ కొన్న మనిషికి అవేం చెవికెక్కుతాయి.

సంగతేంటంటే, ముందురోజు మా చిన్నోడు బాతు బొమ్మ వేశాడు. ఒళ్లంతా పసుపు, ముక్కు ఎరుపు, అచ్చం స్నానాల తొట్టిలో తేలే రబ్బరు బాతు. బావగారి మనసు చివుక్కుమంది. భీమవరానికీ ఆకివీడుకీ మధ్య, ఎటు చూసినా చేపల చెరువులే ఉన్న ఊళ్లో కూర్చుని అడవి బాతు తెలియకపోవడమేంటి? జనం గూడబాతుల కోసం, అదే పెలికాన్ల కోసం, కార్లేసుకుని కొల్లేటి దగ్గర ఆటపాక పక్షుల కేంద్రం దాకా పోతారు, ఇంటెనక చెరువులో ఏడాదంతా ఉండేదాన్ని మాత్రం తలెత్తి చూడరు, ఇదీ ఆయన బాధ. ఇందులో న్యాయం ఉంది. పొద్దున్నే మంచులో లేపకపోతే ఇంకా న్యాయంగా అనిపించేది.

పుంత దారంతా ఆ అడవి బాతు మీదే క్లాసు, ఇంగ్లీషులో స్పాట్ బిల్డ్ డక్ అంటారట. ముక్కు నల్లగా ఉంటుంది, కొస మాత్రం పసుపులో ముంచి తీసినట్టుంటుంది, మొదట్లో అటొకటి ఇటొకటి ఎర్ర చుక్కలు. ఆడా మగా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. పెద్దది ఒప్పుకోలేదు. దాని పుస్తకంలో బాతు తల ఆకుపచ్చగా ఉందట. "అది వేరే జాతమ్మా, అందులో మగదానికే ఆ తల, మన ఊళ్లో మందలుగా తోలుకెళ్లే పెంపుడు బాతులు దాని సంతతే" అని ఆయన ఓపిగ్గా చెబుతుంటే, చిన్నోడు అసలు విషయానికొచ్చేశాడు.

"మావయ్యా, దీన్ని కూర వండుతారా?"

కనుమ కదా, వాడి బుర్ర ఆ రోజుకి తగ్గట్టే పనిచేస్తోంది. బావగారు ఆగిపోయి, వేలెత్తి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి బాతుని వేటాడితే జైలేనని గట్టిగా చెప్పారు. జైలు అనే మాట వాడికి భలే నచ్చింది.

చెరువు గట్టు మీద అందరం గొంతుక్కూర్చున్నాం. కాసేపటికి తూటాకు తీగల పక్కనుంచి నిజంగానే ఒక జంట ఈదుకుంటూ వచ్చింది. గోధుమరంగు ఒంటి మీద ఈకఈకకీ లేత అంచు, రెక్క పక్కన తెల్లటి గీత, నీళ్లలో ఆడిస్తుంటే నారింజరంగు కాళ్లు. అందులో ఒకటి తల నీళ్లలో ముంచి తోక ఆకాశానికెత్తింది. "చచ్చిపోయిందా?" అని పెద్దది గుసగుసగా అడిగింది. "మేత మేస్తోంది, మాట్లాడకు" అని బావగారు బైనాక్యులర్స్ సర్దుకుంటున్నారు. సరిగ్గా అప్పుడు ఎదరగట్టు మీద ఢామ్మని లక్ష్మీబాంబు పేలింది.

బాతులు పైకి లేచాయి, బావగారు వెనక్కి లేచారు. ఆయన వెనక పంటబోదె ఉంది.

మొలలోతు బురదలోంచి ఆయన్ని లాగే పనిలో నేనుంటే, చిన్నోడు గట్టెంబడి పరిగెత్తుకెళ్లి చెరువు కాపలా మనిషి ముందు నిలబడ్డాడు. "నిన్ను జైల్లో వేస్తారు! పంతొమ్మిది వందల డెబ్భై రెండు!" పాపం ఆయనకి ఆ లెక్కేంటో అర్థం కాలేదు. "నేనెవర్ని కొట్టాను బాబూ, నీటికాకులు పిల్లచేపల్ని మింగేస్తన్నాయి, తోలుకోవద్దా?" అన్నాడు. నీటికాకి నిలువునా మునిగి చేపని ఎలా పట్టుకొస్తుందో చేతులతో చూపించాడు. బావగారి క్లాసులో ఇంత యాక్షన్ లేదు మరి, పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. విని ఊరుకున్నారా, కాస్సేపటికి ఆయన పాత నూనె డబ్బా ఒకరు, కర్ర ఒకరు పట్టుకుని గట్టు ఈ చివర్నుంచి ఆ చివరికి డబడబా వాయించుకుంటూ పరిగెత్తడం మొదలెట్టారు. నీటికాకులేంటి, కొంగలూ బుడుంగులూ లకుముకి పిట్టలూ, కంటికి కనపడిన ప్రతి రెక్కా పక్క ఊరి చెరువులకి వలస.

బావగారు బైనాక్యులర్స్‌లోంచి నీళ్లు వొంపుకుంటూ చూస్తూ కూర్చున్నారు. కాపలా మనిషి ఆయన పక్కనే తీరిగ్గా చుట్ట వెలిగించి, "పిల్లలు బంగారమండి బాబూ. రేపు కూడా పంపండి, షావుకారుకి చెప్పి కూలి ఇప్పిస్తాను" అన్నాడు.